జవాబు చెప్పేది యంత్రం సరే, జవాబుదారీ ఎవరు?

మొన్న మా మండల కమిటీ సమావేశం ముగిశాక టీ తాగుతూ కూర్చున్నాం. మా సభ్యుడి కొడుకు ఒకడు, డిగ్రీ చదువుతున్నవాడు, ఫోన్ తీసి ‘ఇక ఏఈఓ సారు కోసం ఎదురు చూడక్కర్లేదు పెదనాన్నా, దీన్ని తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతుంది’ అన్నాడు. ఏదో కొత్త యాప్. చూద్దాం పదమన్నాం. మాలో ఒకాయన ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని ‘మిర్చికి నల్లి పట్టింది, ఏం చేయాలి?’ అని అడిగాడు. క్షణంలో చక్కటి తెలుగులో, మర్యాదగా జవాబు వచ్చింది. పరుపులు ఎండలో వేయమంది. దుప్పట్లు వేడి నీళ్లలో ఉతకమంది. మంచం పట్టెల సందులు శుభ్రం చేయమంది!

అందరం కడుపు పట్టుకుని నవ్వాం. తర్వాత ఇంకొకాయన ‘పై ముడతకు ఏం కొట్టాలి?’ అని అడిగాడు. ఒక మందు పేరు చెప్పింది. ‘కింది ముడతకు?’ అని అడిగితే మళ్లీ అదే మందు చెప్పింది. ఈసారి ఎవరం నవ్వలేదు.

ఎందుకంటే ఆ తేడా ఏమిటో మిర్చి వేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు. ఆకులు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా అయితే తెల్లనల్లి. దానికి కొట్టేది వేరు, దీనికి కొట్టేది వేరు. నల్లి ఉన్న చేలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే నల్లి తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. పోయిన ఏడాది మా పక్క ఊరి కౌలు రైతు ఒకతను సరిగ్గా ఇక్కడే దెబ్బతిన్నాడు. ఎకరాకు 35 వేలు కౌలు ఒప్పుకుని రెండెకరాల మిర్చి వేశాడు. ఫోన్ చెప్పిన మందు రెండు సార్లు కొట్టాడు. ఎవరో తెలిసినవాళ్లు వచ్చి ఆకు తిప్పి చూసి ‘ఇది నల్లి కదరా’ అనేసరికి చేను చేతికందకుండా పోయింది.

ఆ రైతు మా దగ్గరకు వచ్చి అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘ఎవరి మీద ఫిర్యాదు చేయాలన్నా?’ మా దగ్గర జవాబు లేదు. ఫోన్ తెర మీద అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. ‘సమాధానాల్లో తప్పులు ఉండవచ్చు, నిపుణులను సంప్రదించండి’ అని. నిపుణుడు దొరకకనే కదా దాన్ని అడిగింది!

ఈ నెల ఈ విషయం రాయడానికి కారణం అదే. చాట్‌బాట్ అనే ఈ మాట్లాడే యంత్రాలు మన దగ్గరికి రాబోతున్నాయి అనడం తప్పు. వచ్చేశాయి. కాబట్టి వాటి గురించి మనం తెలుసుకోవాలి, సంఘంగా మన మాట చెప్పాలి.

అసలు ఇది ఏం చేస్తుంది?

మనిషితో మాట్లాడే కంప్యూటర్ కొత్తదేం కాదు. 1966లోనే అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆయన ‘ఎలైజా’ అనే ప్రోగ్రాం తయారు చేశాడు. అది చేసేదల్లా మనం అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం. ‘నాకు దిగులుగా ఉంది’ అంటే ‘మీకు ఎందుకు దిగులుగా ఉంది?’ అనేది. అంతే. అయినా జనం దానికి మనసు ఉందనుకుని తమ బాధలన్నీ చెప్పుకున్నారు. తయారు చేసినవాడే భయపడి, ఆ తర్వాత జీవితమంతా ‘యంత్రాన్ని మనిషనుకోవద్దు’ అని హెచ్చరిస్తూ గడిపాడు.

ఇప్పటి యంత్రాలు దానికన్నా ఎంతో ముందుకు వెళ్లాయి. 2017లో గూగుల్ పరిశోధకులు ఎనిమిది మంది ‘ట్రాన్స్‌ఫార్మర్’ అనే పద్ధతి కనిపెట్టారు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ కాదు, వాక్యంలో ఏ మాటకు ఏ మాటతో సంబంధమో లెక్కగట్టే పద్ధతి. 2022 నవంబర్‌లో వచ్చిన చాట్‌జీపీటీ దాని మీద కట్టిందే. కోట్ల కొద్దీ పేజీలు చదివించి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో దానికి నేర్పుతారు. ‘ఏరువాక’ అనగానే మన నోటికి ‘పున్నమి’ అని వస్తుంది కదా, అలాగే. తేడా ఏమిటంటే మనం ఏరువాక సాగాం, అరక పట్టాం. అది మాటను చూసింది గానీ చేను చూడలేదు. తెలిసినా తెలియకపోయినా ఒకే ధీమాతో చెబుతుంది. ‘నాకు తెలియదు’ అనడం దానికి అంత తేలిగ్గా రాదు.

ఇక మన తెలుగు సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లం 8 కోట్ల మందికి పైనే. కానీ ఈ యంత్రాలు చదివిన దాంట్లో ఇంగ్లీషుతో పోలిస్తే తెలుగు పిసరంత. పైగా ఇంగ్లీషు అక్షరాన్ని దాచుకోవడానికి కంప్యూటర్‌కు ఒక గడి చాలు, తెలుగు గుర్తుకు మూడు గడులు కావాలి. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని తయారైన యంత్రాలు ఒక్కో తెలుగు మాటను ముక్కలు ముక్కలుగా నరికి చదువుతాయి. అందుకే అదే ప్రశ్నకు అదే జవాబు తెలుగులో చెప్పించాలంటే కొన్ని రెట్లు ఎక్కువ ఖర్చు. కొన్ని యంత్రాలు మన ప్రశ్నను లోపల ఇంగ్లీషులోకి మార్చుకుని, జవాబును మళ్లీ తెలుగులోకి తిప్పి చెబుతాయి. దారిలో ఏం జరుగుతుందో మీరే ఊహించండి.

వరికి ‘దోమ’ అంటే మనకు సుడిదోమ. ఇంగ్లీషులోకి పోతే మనిషిని కుట్టే దోమ అవుతుంది. ‘ఉల్లికోడు’ అంటే వరి పిలక ఉల్లికాడలా గొట్టంగా మారేలా చేసే పురుగు. దాంట్లో ఉల్లి ఉంది కదా అని ఉల్లిగడ్డ పంట గురించి చెబితే? ‘కలుపు మందు’ను ‘మందు కలుపు’ అనుకుంటే? ‘భూమికి పదునైంది’ అంటే విత్తనం వేయడానికి సరిపడా తడి ఉందని మనకు తెలుసు, దానికి పదును అంటే కత్తి పదునే. ఇక కాటుక తెగులునే మానిపండు తెగులు అంటాం. పది కోసులు పోతే మాట మారిపోతుంది. రాయలసీమ వేరుశనగ రైతు మాట, ఉత్తరాంధ్ర రైతు మాట, ఆదిలాబాద్ పత్తి రైతు మాట ఒకటి కావు. పుస్తకాల్లో, పేపర్లలో ఎక్కని ఈ మాటలు ఆ యంత్రానికి ఎవరు నేర్పుతారు?

నేర్పింది మనమే

నిజానికి నేర్పుతున్నది మనమే. 2004 జనవరి 21న కేంద్ర ప్రభుత్వం కిసాన్ కాల్ సెంటర్ మొదలుపెట్టింది. 1800-180-1551 నంబర్‌కు ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇరవై ఏళ్లకు పైగా మనం అడిగిన ప్రశ్నలు, వాళ్లు ఇచ్చిన సలహాలు రికార్డుల్లోకి ఎక్కాయి. పంట, జిల్లా, ప్రశ్న, జవాబు అన్నీ వరుసలు కట్టి ప్రభుత్వ డేటా వెబ్‌సైటులో ఉన్నాయి. పరిశోధకులు వాటినే తీసుకుని వ్యవసాయ చాట్‌బాట్‌లకు చదువు చెప్పారు. అంటే మన చేలో పురుగు పట్టిన రోజు, కాయ రాలిన రోజు మనం పడ్డ ఆదుర్దాయే వాటికి పాఠం అయింది.

మంచిదే, తప్పుబట్టడం లేదు. కానీ విత్తనం కథ మనకు గుర్తుంది. తరతరాలుగా మనం ఎంచి దాచిన విత్తనాన్ని తీసుకుపోయి, దాని మీద పని చేసి, ప్యాకెట్‌లో పెట్టి మనకే అమ్మారు. కొట్లాడగా కొట్లాడగా 2001 చట్టంలో రైతు తన విత్తనం దాచుకునే, మార్చుకునే, అమ్ముకునే హక్కు రాయించుకున్నాం. ఇప్పుడు మన మాట కూడా విత్తనం లాంటిదే. రేపు కంపెనీలు మన ప్రశ్నలతో నేర్చుకుని, నెలకింత అని చందా పెట్టి మనకే సలహా అమ్మితే? లేదా సలహా ఉచితం అంటూ చివర తన సొంత మందు పేరే చెబితే? షాపువాడు తన దగ్గరున్న సరుకే అంటగడతాడని మనకు తెలుసు, జాగ్రత్తపడతాం. యంత్రం వెనక ఏ షాపు ఉందో కనిపించదు.

దీనికి ఇంకో దారి కూడా ఉందని మన గడ్డ మీదే రుజువైంది. అదే 2004లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు ‘ఈ-సాగు’ అనే పని మొదలుపెట్టారు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో మూడు ఊళ్లలో 1,051 పత్తి చేలు తీసుకున్నారు. ఊళ్లోనే ఉండే, వ్యవసాయం తెలిసిన మనిషి ప్రతి చేనుకూ వెళ్లి ఫొటోలు తీసి పంపేవాడు. హైదరాబాద్‌లో వ్యవసాయ నిపుణులు అవి చూసి సలహా రాసేవారు. ఆ మనిషే ఆ సలహా తెచ్చి రైతుకు చెప్పేవాడు. రైతు అడగకముందే సలహా వచ్చేది. కంప్యూటర్ ఉంది, కానీ రెండు కొసల్లోనూ మనిషి ఉన్నాడు. ఆకు తిప్పి చూసేవాడు ఒకడు, పేరు పెట్టి సలహా ఇచ్చేవాడు ఒకడు. చేను పోతే ఎవరిని అడగాలో తెలుసు.

పనికొచ్చేది కాదనలేం

మేం యంత్రాలకు వ్యతిరేకం కాదు. ట్రాక్టర్ వచ్చినప్పుడు, మోటారు వచ్చినప్పుడు మనమే ముందు వాడాం. చదువురాని రైతుకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, నోటితో అడిగి చెవితో వినగలగడం చిన్న విషయం కాదు. ‘కిసాన్ ఇ-మిత్ర’ అనే చాట్‌బాట్‌ను కేంద్రం 2023 సెప్టెంబర్‌లో పీఎం కిసాన్ కోసం తెచ్చింది. 11 ప్రాంతీయ భాషల్లో రోజుకు 20 వేలకు పైగా ప్రశ్నలకు జవాబిస్తున్నదని ప్రభుత్వం చెబుతోంది. 2022లో మొదలైన ‘భాషిణి’ కింద మన భాషలకు అనువాదం, మాటను రాతగా మార్చే పని ప్రభుత్వ ఖర్చుతోనే జరుగుతోంది. మద్రాసు ఐఐటీలోని ‘ఏఐ ఫర్ భారత్’ వాళ్లు జిల్లాలు తిరిగి 22 భాషల్లో జనం గొంతులు రికార్డు చేసి, ఎవరైనా వాడుకునేలా బయట పెట్టారు. ఇలాంటివి ప్రజల సొత్తుగా ఉండటం మంచిది. కిస్తీ 2 వేలు పడ్డాయా లేదా అని తెలుసుకోవడానికి మీసేవ చుట్టూ తిరిగి 50 రూపాయలు వదిలించుకునే కన్నా ఫోన్‌లో అడగడం నయం.

కానీ కౌలు రైతు అడిగితే? పీఎం కిసాన్ భూమి పేరున ఉన్న కుటుంబాలకే. యంత్రం ఎంత తియ్యగా మాట్లాడినా కౌలు రైతుకు చెప్పేది ‘మీరు అర్హులు కారు’ అనే. ఆఫీసరు ఆ మాట అంటే పదిమందిమి వెళ్లి నిలదీస్తాం, ధర్నా చేస్తాం, పేపర్లో వస్తుంది, ఒక్కోసారి జీవో మారుతుంది. యంత్రం ముందు ధర్నా ఎలా చేస్తాం? అర్జీ ఇస్తే రశీదు వస్తుంది. ఫోన్‌లో అడిగిన ప్రశ్నకు రశీదు ఏది?

పేర్లు కలిపే యంత్రం చేసిన పని

మాటను చదివే యంత్రం సలహాతో ఆగదు. కాగితాలు చదివి ఎవరు అర్హులో ఎవరు కాదో తేల్చే పనికీ దాన్ని పెడుతున్నారు. అది ఎక్కడికి పోతుందో తెలంగాణలో చూశాం. ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ రకరకాల ప్రభుత్వ రికార్డుల్లో ఉన్న పేర్లు, చిరునామాలు పోల్చి ఇద్దరు ఒకరేనా అని తేలుస్తుంది. రాష్ట్రంలో 2014 నుంచి 2019 వరకు 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. చాలామందికి నోటీసు లేదు, విచారణ లేదు. ఒక పేద రిక్షా కార్మికుడిని కారున్నవాడని లెక్కగట్టి ఆ ఇంటి కార్డు రద్దు చేసిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. పేరు దగ్గరగా ఉన్న వేరే మనిషి కారు అది. చివరికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దు చేసిన కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. అంటే యంత్రం చెప్పినదాన్ని మనిషి వెళ్లి కళ్లతో చూడాల్సిందేనని అత్యున్నత న్యాయస్థానమే చెప్పింది.

మన పేర్ల సంగతి మనకు తెలియనిదా? పట్టాదారు పుస్తకంలో ఒక రకం, ఆధార్‌లో ఒక రకం, బ్యాంకులో ఒక రకం. ఒకచోట ఇంటి పేరు ముందు, ఒకచోట వెనక. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తేడా వస్తే కిస్తీ ఆగిపోయిన ఇళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. 2024 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం 2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. అందులో ప్రతి రైతుకూ గుర్తింపు సంఖ్య, దానికి భూమి, పంట వివరాల లింకు ఉంటాయి. రేపు బీమా, రుణం, ఎరువు, ధాన్యం కొనుగోలు అన్నీ దాని మీదే నడిస్తే, పేర్లు కలపడంలో జరిగే ఒక్క తప్పు మనల్ని అన్నిటి నుంచీ ఒకేసారి బయటికి నెడుతుంది.

చట్టం ఏమంటుంది?

విత్తనం మోసం చేస్తే మనం అనాథలం కాదు. మన ఆంధ్రప్రదేశ్ రైతులే నాసిరకం విత్తనంపై వినియోగదారుల ఫోరానికి వెళితే, ఆ కేసులో 2012లో సుప్రీంకోర్టు రైతు కూడా వినియోగదారుడే, పరిహారం అడిగే హక్కు ఉందని తేల్చింది. పురుగు మందుకు 1968 చట్టం ఉంది. అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి, డబ్బా మీద లేబుల్ ఉండాలి. బిల్లు చేతిలో ఉంటే అడగగలం. మరి ఆ మందు కొట్టమని చెప్పిన యంత్రానికి లైసెన్సు ఏది? బిల్లు ఏది?

‘అది యంత్రం, మాకు సంబంధం లేదు’ అని కంపెనీలు తప్పించుకోలేవు అనడానికి ఒక ఉదాహరణ కెనడాలో ఉంది. ఎయిర్ కెనడా అనే విమాన కంపెనీ చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. ఆయన కేసు వేస్తే, చాట్‌బాట్ చెప్పిన దానికి చాట్‌బాటే బాధ్యురాలన్నట్టు కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసింది. నీ వెబ్‌సైటులో చెప్పిన ప్రతి మాటకూ నీదే బాధ్యత అని డబ్బు కట్టించింది. విమానం టికెట్‌కు దొరికిన న్యాయం రెండెకరాల మిర్చికి దొరకొద్దా?

‘అధికారులు దొరకడం లేదు కాబట్టే కదా యంత్రం’ అని కొందరు మిత్రులు అంటున్నారు. మాకూ తెలుసు. తెలంగాణలో 5 వేల ఎకరాలకు ఒక ఏఈఓ అన్నారు. ఆ ఒక్కరి నెత్తిన సర్వేలు, ఆన్‌లైన్ ఎంట్రీలు, మీటింగులు పెట్టి చేలోకి రాకుండా చేసింది ఎవరు? ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా రైతు సేవా కేంద్రం ఉంది, అక్కడి సిబ్బంది పరిస్థితీ అంతే. కంప్యూటర్ పని యంత్రానికి అప్పగించి మనిషిని చేలోకి పంపితే మేం చప్పట్లు కొడతాం. మనిషిని తీసేసి యంత్రాన్ని చేలోకి పంపుతామంటేనే మా అభ్యంతరం.

మనం అడగాల్సినవి

ఒకటి. ప్రభుత్వం పెట్టే, ప్రభుత్వం అనుమతించే ప్రతి వ్యవసాయ చాట్‌బాట్ జవాబు కింద బాధ్యత వహించే శాఖ లేదా కంపెనీ పేరు, జవాబు నంబర్ ఉండాలి. ఆ నంబర్ మన రశీదు. తప్పు సలహాతో పంట పోతే పరిహారం అడిగే దారి చట్టంలో ఉండాలి.

రెండు. పురుగు మందు పేరు, మోతాదు చెప్పే ముందు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సులతో సరిచూసిన జవాబులే రావాలి. తెలియకపోతే ‘తెలియదు, మీ ఏఈఓను అడగండి’ అని చెప్పి, ఆ కాల్‌ను మనిషికి కలపాలి.

మూడు. యంత్రం చెప్పిందని ఎవరి పేరూ ఏ పథకం నుంచీ తీసేయకూడదు. ముందు నోటీసు, తర్వాత ఇంటికొచ్చి విచారణ, ఆ తర్వాతే నిర్ణయం.

నాలుగు. మన ప్రశ్నలతో, మన గొంతులతో తయారైనవి ప్రజల సొత్తుగా ఉండాలి. ఏ కంపెనీకి ఏం ఇస్తున్నారో గ్రామసభలో చెప్పాలి.

ఐదు. ఖాళీగా ఉన్న వ్యవసాయ విస్తరణ పోస్టులు భర్తీ చేయాలి. చాట్‌బాట్ వచ్చిందని ఒక్క పోస్టు కూడా తగ్గించకూడదు.

అడగడంతోపాటు మనం చేసుకోవాల్సిన పనీ ఉంది. మా మండలంలో మూడు పనులు మొదలుపెట్టాం. ఫోన్ చెప్పిన మందు కొట్టే ముందు ఆకు కోసుకుని ఇంకో ఇద్దరు రైతులకు చూపించడం. ఫోన్ ఇచ్చిన జవాబును స్క్రీన్‌షాట్ తీసి, మందు బిల్లుతో కలిపి దాచడం. మూడోది, మా ఊళ్లలో పురుగులకు, తెగుళ్లకు, నేలలకు వాడే మాటలు ఒక నోటుబుక్కులో రాయడం. ముసలివాళ్లను కూర్చోబెట్టి అడుగుతున్నాం. పదిహేను రోజుల్లో 140 మాటలు వచ్చాయి. కొన్ని మాలో చాలామందికే తెలియవు. అది పూర్తయ్యాక వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఇస్తాం, ఏ కంపెనీకీ అమ్మం.

మీ ఊళ్లో ఈ యాప్‌లు ఏం చెప్పాయి, ఎక్కడ మేలు చేశాయి, ఎక్కడ ముంచాయి, పత్రికకు రాయండి. మీ దగ్గరి మాటలు కూడా పంపండి. వచ్చే నెల జిల్లా మహాసభలో ఈ ఐదు డిమాండ్లను తీర్మానంగా పెడుతున్నాం. ఆ కౌలు రైతు కూడా వస్తానన్నాడు. ఈసారైనా అతని ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉండాలి.